అన్సెల్మ్ చెప్పిన దారి

వెర్న్యోల్‌లో అన్సెల్మ్‌ను దారి అడిగినవాడు ఊరంతా చుట్టకుండా బయటపడడని చెప్పుకునేవారు. పట్నం రోడ్డు చర్చి వెనకనుంచి సూటిగా పోతుంది. చంటిపిల్లాడైనా తప్పిపోడు. కానీ అన్సెల్మ్ చేతిలో పడితే అంతే సంగతులు. చర్చి ముందు రాతిబల్ల మీద కూర్చుని ఉంటాడు. కారు ఆగగానే టోపీ తీసి ముందుగా "భోజనం అయిందా?" అని అడుగుతాడు. ఆ తరవాత బట్టలుతికే రేవు దాటి, పావురాల బురుజు దగ్గర ఎడమకి తిరిగి, ముక్కు విరిగిన సెయింట్ రాక్ విగ్రహాన్ని చుట్టి, గూని వంతెన ఎక్కి దిగమంటాడు. అలా దిగినవాళ్ళు సరిగ్గా లియోంతీన్ హోటలు ముందు తేలతారు. అది చర్చికి ఎదురుగానే ఉంది.

నకనకలాడుతూ వచ్చినవాళ్ళకి లియోంతీన్ పప్పూ, పంది సాసేజీ వడ్డిస్తూ అతని తరఫున తనే క్షమాపణ చెప్పుకునేది. జీవితమంతా పోస్ట్‌మేన్‌గా తిరిగిన మనిషికి కుడి ఎడమలు తెలియకపోతే, మన ఉత్తరాలు మనకెలా చేరాయో మేరీమాతకే తెలియాలి అనేది. ఓసారి పెళ్ళి చేసుకుని తిరిగొస్తున్న బృందాన్నే తిప్పాడు. పెళ్ళికూతురు ముసుగు పైకెత్తి మరీ రెండోసారి పప్పు వేయించుకుంది.

భర్త పోయాక హోటలు ఎలా నెట్టుకొస్తోందో లియోంతీన్‌కే అంతుపట్టేది కాదు. ఊళ్ళోవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు తింటారు. సాయం చేస్తామని ఎవరైనా వస్తే గరిటె చూపించి పంపే రకం ఆవిడ.

ఈ వసంతంలో మేయరు చర్చి పక్కన పట్నానికి బాణం గుర్తుతో బోర్డు పాతించాడు. కార్లు ఆగడం మానేశాయి. ఈ నెలాఖరుకి హోటలు మూసేస్తానని లియోంతీన్ ప్రకటించేసింది. అప్పటినుంచి అన్సెల్మ్ రోజూ తన కోటు తెచ్చి ఆ బోర్డుకి తగిలించడం, మేయరు తీసేయించడం.

ఒక మధ్యాహ్నం కోటు ఇంకా వేలాడుతుండగానే కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు కారాపాడు. పట్నం రోడ్డులో గాస్పార్ పొలం ఎక్కడ, ఆవు ఈనలేక అవస్థ పడుతోందన్నాడు. అయ్యో, ఇతన్నా అడిగాడు అనుకుంటూ లియోంతీన్ గుమ్మంలోంచి పరుగున వచ్చింది. అన్సెల్మ్ ఈసారి భోజనం మాట ఎత్తలేదు.

"చర్చి వెనకనుంచి సూటిగా పో బాబూ. రెండో మలుపు కుడికి, ఎర్ర గేటు. కుక్క అరుస్తుంది కానీ కరవదు."

కారు వెళ్ళిపోయింది. లియోంతీన్ గరిటెతో అక్కడే నిలబడిపోయింది.

"భోజనం అయిందన్నవాళ్ళని ఏం చేసేవాడివయ్యా?"

"వాళ్ళని తిప్పడమెందుకు వదినా, సూటిగా పంపేసేవాణ్ణి."

"అంటే ఇన్నేళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేశావన్నమాట."

అన్సెల్మ్ టోపీ అంచు నలుపుకున్నాడు. "నీ పప్పు తిన్నాక నన్ను తిట్టడానికి ఒక్కరూ వెనక్కి రాలేదు వదినా."

ఆవిడ విసవిసా లోపలికి వెళ్ళింది. గరిటె దెబ్బ తప్పదనుకున్నాడు అన్సెల్మ్. ఆవిడ స్టూలు తెచ్చి బోర్డు కింద వేసింది. ఎక్కి, కోటు తీసి అతని మీదికి విసిరి, మేయరు కిటికీలోంచి చూస్తుండగానే బాణాన్ని బట్టలరేవు వైపు తిప్పేసింది. మేయరు చప్పుడు చెయ్యకుండా తెర వేసుకున్నాడు.

స్టూలు దిగాక లియోంతీన్ కళ్ళు తుడుచుకుంది. తరవాత గరిటె నడుముకి ఆనించి అడిగింది.

"భోజనం అయిందా?"

ఇంకా లేదన్నాడు అన్సెల్మ్.

"అయితే రేవు దాటి, బురుజు దగ్గర ఎడమకి తిరిగి రా. ఈలోపు పప్పు వేడిచేస్తాను."

అన్సెల్మ్ కోటు తొడుక్కుని, బుద్ధిగా రేవు వైపు నడిచాడు.