గుడ్లగూబ నాణెం మీద గాటు

శనివారం ఉదయం తొమ్మిదీ నలభైకి లక్ష్మీ నగర్ మెట్రో స్టేషన్లో బాబాయిని కలిశాను. ఆయన ఇందిరాపురం నుంచి వచ్చాడు. జేబులో దూదిలో చుట్టిన గ్రీకు వెండి నాణెం ఉంది. అది పక్క ఫ్లాట్ శర్మగారిది. దాన్ని తీసుకుని, ఉద్యోగంలో బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ తాను పోగుచేసుకున్న పాత నాణేల డబ్బా మొత్తం బదులుగా ఆయనకి ఇచ్చేయాలని బాబాయి ఉబలాటం. ఆదివారంలోగా మాట చెప్పాలి.

నేను కోచింగ్ సెంటర్లో ప్రాచీన చరిత్ర చెబుతాను. ముందురోజు ఫోన్లో ఫొటో చూసి, "ఇది ఈమధ్య చేసిన నకిలీ బాబాయ్" అని తేల్చేశాను. నా మాట నమ్మకే ఈ తిరుగుడు. వారానికి నాకున్నది ఒక్క సెలవు.

రైల్లో నిలబడే నాణెం చూశాను. ఒకవైపు ఎథీనా దేవత, రెండోవైపు గుడ్లగూబ, దాని వీపు మీద లోతైన గాటు.

"పాతదిలా కనబడాలని ఉలితో కొట్టారు," అన్నాను.

"అంచు చూడమ్మా. అచ్చులో పోసిందైతే చుట్టూ అతుకు గీత ఉండాలిగా?"

గీత లేదు. ఒప్పుకోబుద్ధి కాలేదు.

పక్కనున్న ఆంటీ తొంగిచూసి, "ఉల్లూ? లక్ష్మీజీ కీ సవారీ! అస్లీ హై, భాయ్‌సాబ్," అంది. గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనమట, అందుకని నాణెం అసలుదేనట. బాబాయి మొహం వెలిగిపోయింది. నేను తల పట్టుకున్నాను.

పదిన్నరకి కరోల్ బాగ్. బాబాయికి తెలిసిన వెండి కొట్టు పదకొండున్నరకి గానీ తెరవలేదు. గంటసేపు మెట్ల మీద ఎండలో కూర్చున్నాం. కొట్టాయన నాణేన్ని గీటురాయి మీద రుద్ది, మందు చుక్క వేసి, "ప్యూర్ చాందీ. అస్లీ," అన్నాడు.

"పైన వెండి మంచిదైతే నాణెం పాతదైపోతుందా భయ్యా?" అని గట్టిగానే అడిగాను. ఆయన నాణెం తుడిచి తిరిగిచ్చేశాడు. బాబాయి మాత్రం డబ్బా ఇచ్చేసినంత సంబరంగా బయటికొచ్చాడు. ఛోలే భటూరే తింటూ, గుర్గావ్ కూడా వెళ్లి చూపించాల్సిందేనని పట్టుబట్టాను.

రాజీవ్ చౌక్‌లో రైలు మారి, కిక్కిరిసిన పెట్టెలో గంటపైన ప్రయాణం చేసి, రెండున్నరకి గుర్గావ్‌లో దిగాం. అక్కడ పాత నాణేలు పరీక్షించే ఒక పెద్దావిడ ఉన్నారు. నేను దీదీ అంటాను. నాణేన్ని తూచి, "ఉండాల్సిన దానికంటే తేలిగ్గా ఉంది," అన్నారు. తర్వాత భూతద్దం నాకిచ్చి, "గాటు లోపలికి చూశావా?" అని అడిగారు.

చూడలేదు. ఫొటోలో చూసి తీర్పు చెప్పేశాను, రైల్లో చేతిలో ఉన్నా అంతే. గాటు అడుగున ఎర్రటి రాగి, దాని మీద పచ్చటి చిలుము.

"నకిలీయే. కానీ గాటులో కూడా ఇంత చిలుము పట్టిందంటే ఇప్పటిది కాదు, ఆ కాలంలోనే చేసింది," అన్నారు దీదీ. "రాగి బిళ్లకి వెండి రేకు తొడిగి ముద్ర కొట్టారు. ఎవరికో అనుమానమొచ్చి ఉలితో గాటు పెట్టి చూశారు."

బాబాయీ తప్పే, నేనూ తప్పే. పిల్లలకి నేర్పే నేనే సరిగ్గా చూడకపోయానని నా మీద నాకే చిరాకేసింది.

తిరుగు రైల్లో సీట్లు దొరికాయి. బాబాయి నాణేన్ని మళ్లీ దూదిలో చుట్టాడు. "గాటు పెట్టినవాడు రాగి కనబడ్డాక ఏం చేసుంటాడంటావ్?" అన్నాడు.

"తిట్టుకుని ఉంటాడు."

"ఇంకెవరికో అంటగట్టి ఉంటాడు," అంటూ ఫోన్ తీశాడు. శర్మగారికి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతల ఆయన ఏమన్నారో గానీ, "మిమ్మల్ని అనుమానించలేదండీ, మీకూ తెలీదుగా," అన్నాడు బాబాయి మెల్లగా.

మీలో ఎవరైనా ఇలాంటి నాణెంతో బయల్దేరితే తిన్నగా త్రాసు దగ్గరికీ భూతద్దం దగ్గరికీ వెళ్లండి. దారిలో ఎవర్నీ అడగొద్దు, నాలాంటి వాళ్లని అసలే అడగొద్దు. లక్ష్మీ నగర్లో దిగుతుంటే బాబాయి నా చెయ్యి పట్టుకుని, "డబ్బా మిగిలిందమ్మా," అన్నాడు. రోజంతా నేను విసుక్కున్న మనిషి కళ్లలో నీళ్లు.