కొంగు మీద సుత్తితల సొర

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నేను గీసిన చేపలకు లెక్కలేదు. అన్నిటికీ పొలుసులు, అన్నిటికీ జత. శుభకార్యానికి కట్టే చీర మీద ఒంటి బొమ్మ నేయకూడదని మా మామగారి నాటి నుంచీ ఇంట్లో పట్టింపు. హంసయినా, నెమలైనా ఎదురెదురుగా రెండు ఉండాల్సిందే. మగ్గానికి జకార్డు కట్టిన తీరూ అదే. నేను గళ్ళ కాగితం మీద కొంగులో సగమే గీస్తాను. దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొట్టించి మగ్గానికి తగిలిస్తే, మిగతా సగం అద్దంలో చూసినట్లు పక్కన పడుతుంది. నేను బడికి పోలేదు. దేవుడి గూటి ముందు కూర్చోబెట్టి అక్షరాలూ లెక్కలూ నేర్పింది మా నాయనే. గళ్ళ మీద చెయ్యి తప్పకుండా నడిచినప్పుడల్లా ఆయనకొకటి, దేవుడికొకటి మనసులో దండం పెట్టుకుంటాను.

పెనుకొండలో ఉన్న మా చెల్లెలి కూతురు సముద్రం ఒడ్డున ఉద్యోగం చేస్తుంది. సొరచేపల మీద పరిశోధన. ఏడో నెలలో సెలవు పెట్టి అమ్మగారింటికి వచ్చింది. హిందూపురంలో అత్తగారింట్లో సీమంతం అనుకున్నారు.

"పెద్దమ్మా, సీమంతం చీర కొంగు మీద నా సుత్తితల సొరను నేసిస్తారా?" అని ఫోన్‌లో అడిగింది.

"యా చేపైతే ఏమి, నేస్తాం. కానీ దాని మీద అంత పట్టు ఏంది?"

"మా అత్త మంచిదే పెద్దమ్మా. కానీ నేనేం పని చేస్తానో ఇంతవరకు ఒక్క మాట అడగలేదు. చేపల ఆఫీసులో చేస్తాదని అందరికీ చెప్తాది, అంతే. కొంగు మీద కనపడితే అయినా అడుగుతాదేమో."

ఆ మాట నా మనసులో నాటుకుంది. ఆమె పంపిన ఫోటో, పక్కనుంచి తీసింది, చూసి గీశాను. చీర ఒళ్ళంతా అయిపోయి, మా ఆయన కొంగు జానెడు నేసిన రోజున ఆ పిల్ల చూడటానికి వచ్చింది. మగ్గం మీదికి వంగి పకపకా నవ్వింది.

"ఇదేంది పెద్దమ్మా! మూతీ మూతీ ఆనించుకోని ముచ్చట్లు పెట్టుకున్నాయే!"

"జత కదమ్మా," అన్నాడు మా ఆయన. "బాగలేదా?"

"బాగుండాది పెద్దనాయనా. కానీ ఇది హంస కాదు. సుత్తితల సొరల్లో కొన్ని గుంపులుగా తిరుగుతాయి. ఇది వాటన్నిటి కంటే పెద్దది, ఒంటరిగా తిరిగేది. ఈ పొలుసులు యాడివి? దాని చర్మం గరుకు కాగితం మాదిరి ఉంటాది."

"పొలుసు లేకుంటే చేపని ఎవురు నమ్ముతారు?"

"నేను నమ్ముతా గదా."

మా ఆయన నవ్వలేదు. "ఒకటే కావాలంటే పైనున్న తాళ్ళన్నీ విప్పి మళ్ళా కట్టల్ల. అది అయ్యేలోపల నీ బిడ్డ నడుచుకుంటా మగ్గం కాడికొస్తాడు. అయినా కడుపుతో ఉండే పిల్లకు ఒంటి బొమ్మ నేస్తానా? నేను నెయ్యను."

ఆమె ముఖం చిన్నబోయింది. "వద్దులే పెద్దమ్మా. మామిడిపిందెలే వెయ్యండి," అంది.

నాకు పట్టుదల వచ్చింది. ఈ చెయ్యి ఇచ్చిన దేవుడే దారి చూపించకపోడు అనుకున్నాను. ఆమెను గడప మీద కూర్చోబెట్టి, "ఆ సొర యాడుంటాది, ఏం తింటాది, ఎట్ల ఈదుతాది, అన్నీ చెప్పు," అన్నాను.

చెప్తుంటే ఆమె కళ్ళే మారిపోయాయి. అంత వెడల్పు తలకు ఈ కొసన ఒక కన్ను, ఆ కొసన ఒక కన్ను ఉంటాయట. తల అడుగున సన్నని రంధ్రాలుంటాయట. ప్రతి ప్రాణి ఒంట్లోనూ రవ్వంత కరెంటు ఉంటుందని, దాన్ని ఈ రంధ్రాలు పసిగడతాయని చెప్పింది. పళ్ళెంలా చదునుగా ఉండే టేకు చేప ఇసుక కప్పుకుని పడుకుని కంటికి కనపడకపోయినా దీనికి దొరికిపోతుంది. తలతో దాన్ని నేలకు అదిమి, రెక్క కొరుకుతుంది. తోక ముల్లు నోట్లో గుచ్చుకున్నా లెక్కచేయదు.

"వీపు మీది రెక్క శానా ఎత్తు. అందుకే పక్కకు ఒరిగి ఈదుతాది. అట్ల ఒరిగితే ఆ రెక్కే పక్షి రెక్క మాదిరి మోస్తాది, కష్టం తగ్గుతాది."

"పండుకోని ఈదుతాదా!" అన్నాడు మా ఆయన, మగ్గం గుంతలో నుంచే. "మా తమ్ముని వంశమే."

"సోమరిది కాదు పెద్దనాయనా. గాలానికి పడితే ఎంత పెనుగులాడతాదంటే, వదిలిపెట్టినా బతకదు. అందుకే తగ్గిపోతాండాయి."

నాకొక సందేహం వచ్చింది. "ఇసుకలో వెతికేటప్పుడు గూడా ఒరిగే ఉంటాదా?"

"లేదు. అప్పుడు నేలకు దగ్గరగా, సమంగా ఉండి తల అటూ ఇటూ ఆడిస్తా పోతాది. ఇదో, పైనుంచి తీసింది."

ఫోన్‌లో చూశాను. తల అడ్డదూలం, ఒళ్ళు నిలువుగీత, రెండు పక్కలా రెండు రెక్కలు. ఒక కాగితం తీసుకుని దాని అంచును ఆ బొమ్మకు సరిగ్గా నడుమ నిలువునా పెట్టాను. సగం తల, ఒక కన్ను, ఒక రెక్క మిగిలాయి.

"ఇదో, ఇట్ల రాండి," అని మా ఆయనను పిలిచాను. "ఈ సగం నేను గీస్తా. పక్క సగం మగ్గమే వేస్తాది. రెండూ కలిసి ఒకటే సొర. తాళ్ళు విప్పే పనిలేదు."

ఆయన కాగితం తీసి చూశాడు, మళ్ళీ పెట్టి చూశాడు. "సగానికి సగం జతే," అన్నాడు. "అయితే నేస్తా."

నేసిన జానెడూ ఆయనే, జరీ తెగకుండా, పోగు పోగు వెనక్కి తీశాడు. నేను పొలుసులు లేకుండా గీశాను. ఎత్తైన రెక్క పైనుంచి గీతలాగే కనపడుతుందని ఆ పిల్ల దిగులుపడితే, నడుమ జరీ చిక్కగా పడేట్లు చేశాను. మా మగ్గం పద్ధతిలోనే సొరను కూడా సగానికి సగం సరిపోయేట్లు చేసిన ఆ దేవుడి చేతికి ఆ రోజు ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

హిందూపురంలో సీమంతం నాడు మా వియ్యపురాలు చీర మడత విప్పి ఉలిక్కిపడింది.

"ఇదేం తల వదినా! శుభానికి ఇట్లాంటిదా?"

"కదిరి స్వామికి తల సింహానిది, ఒళ్ళు మనిషిది. ఏటేటా పోయి మొక్కి రాలేదా మనం?" అన్నాను.

"నీకు నోరుండాది," అని నవ్వి, చీర కోడలికి కట్టించింది.

గాజులు తొడిగారు. ఒడి నింపడానికి ఆ పిల్ల కొంగు పరిచి పట్టుకుంది. వియ్యపురాలు దోసిట్లో బియ్యం తీసుకుని వంగి, బొమ్మ చూస్తూ ఆగిపోయింది.

"అవునూ, ఇది గుడ్లు పెడతాదా, పిల్లల్ని కంటాదా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. "పిల్లల్నే కంటాది అత్తా. కడుపులో బొడ్డుతాడు గూడా ఉంటాది, మనకు మాదిరే."

"ఇంత అడ్డం తల పెట్టుకోని ఎట్ల పుడతాయే? తల్లి ఏమైపోతాది?"

"లోపల ఉన్నన్నాళ్ళు తల అంచులు మెత్తగా వెనక్కి మడుచుకోని ఉంటాయి. పుట్టినంక విచ్చుకుంటాయి."

"ఎన్ని కంటాది?"

"ఒకే కాన్పులో డజన్ల కొద్దీ."

"ఓయమ్మా! మేము ఒకదానికే ఇంత హడావుడి చేస్తిమి." చుట్టూ ఆడవాళ్ళంతా నవ్వారు. "మరి పుట్టినంక పాలెట్ల? సాకేదెవురు?"

"పాలుండవు అత్తా. పుట్టగానే ఎవురి దారి వాళ్ళదే."

"పాపం. ఇంతకీ ఈ సొరను నువ్వు కళ్ళారా చూసినావా?"

"చూసినా. ఒకసారి మేము పడవలో పోతాంటే..."

హారతి పళ్ళెం పట్టుకున్న ఆవిడ తొందరపడి, కర్పూరం వెలిగించేదా అని అడిగింది.

"ఉండండమ్మా, చెప్పనీండి," అంది వియ్యపురాలు, బియ్యం దోసిట్లో అట్లే పట్టుకుని.