సెంట్రింగు కింద చాప

నా చిన్నప్పుడు మా ఆడపిల్లల బడి ఒక మిరపకాయల గోదాములో నడిచేది. వరంగల్ బజారులో మా వీధి చివర ఉండేదా గోదాము. ముందు సగంలో బస్తాలు, వెనక సగంలో చాప మీద మేము. పంతులమ్మ ఎక్కాలు చెప్పిస్తుంటే ఎవరో ఒకరు తుమ్మేవాళ్లు, ఆ తుమ్ము చాప ఈ చివర నుంచి ఆ చివరకు పాకేది. ఘాటు మరీ ఎక్కువైతే మధ్యాహ్నానికే ఇళ్లకు పంపేసేవారు.

మా అమ్మకు చదువు రాదు. తొర్రూరు దగ్గర వాళ్ల పుట్టింట్లో తమ్ముళ్లు పలకలు పట్టుకుని బడికి పోతుంటే, ఆమె చేలో పత్తి ఏరింది. ఆ బాధ ఎంత లోతుకు దిగిందో మాకు ఎప్పుడూ చెప్పలేదు గానీ, నన్ను ఇంటికి పంపేసిన ప్రతి మధ్యాహ్నం ఆమె ముఖం ఎర్రగా కందిపోయేది. నాన్న కిరాణా దుకాణం చూసుకుంటే, అమ్మ వీధిలోని ఆడవాళ్లను వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. కసురుకున్నా తిరిగింది. చివరికి మా బడికి రెండు గదులు, ఒక వరండా మంజూరయ్యాయి.

పని గుత్తకు తీసుకున్నది మా చిన్నమామ, అమ్మ సొంత తమ్ముడు. అమ్మ సంతోషానికి అంతులేదు. నాకూ అంతే. మామ వచ్చాడంటే నన్ను సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని కోట దాకా తిప్పేవాడు. "మా కోడలు కలెక్టరైతది" అని దారిలో కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాడు.

స్లాబు పోసే రోజు పొద్దున, సర్కారు తరఫున పని చూసే ఓవర్సీరు వచ్చి కూలీలను నిలబెట్టి అందరికీ వినబడేలా చెప్పాడు. సిమెంటు, ఇసుక, కంకర తట్టలతో ఉజ్జాయింపుగా పోయకూడదు, కొలత పెట్టెతోనే పోయాలి. ఇసుకలో మన్ను ఉండకూడదు. నీళ్లు ఎక్కువైతే బలం పోతుంది. కలిపిన మాలు గట్టిపడక ముందే వాడేయాలి, గట్టిపడితే పారేయాలి. పోశాక స్లాబు తడి ఆరకుండా చూడాలి. కూలీల కోసం చల్ల కుండ తెచ్చిన మా అమ్మ అక్కడే నిలబడి ఇదంతా విన్నది. అక్షరం రాని మనిషి కాబట్టి విన్నదేదీ మరిచిపోయేది కాదు. కొబ్బరికాయ కొట్టాక ఓవర్సీరును మామ రిక్షా ఎక్కించుకుని భోజనానికి తీసుకుపోయాడు. ఓవర్సీరు ఇక ఆ రోజు తిరిగి రాలేదు.

ఆయన పోగానే కొలత పెట్టెను బోర్లించి మేస్త్రీ దాని మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. తట్టలు లేచాయి. ఇసుక పసుపు రంగులో ఉంది, పట్టుకుంటే చేతికి మన్ను అంటుకునేది. కూలీలు అన్నాలకు దిగేసరికి కలిపిన మాలు కుప్పగా ఎండలో ఉండిపోయింది. వాళ్లు తిని వచ్చేసరికి అది బిగుసుకుంది. పారతో పగలగొట్టి, పైన బకెట్లకు బకెట్లు నీళ్లు గుమ్మరించి, మళ్లీ కలిపి పైకి అందించారు. అమ్మ మేస్త్రీని అడిగింది. "మీ తమ్ముడు గిట్లనే చెయ్యమన్నడు అక్కా" అన్నాడు.

ఆ తరువాతి రోజుల్లో స్లాబు మీద నీళ్లు పట్టే మనిషి లేడు. ఎండాకాలం, వరంగల్ ఎండ. పైన పరిచిన వరిగడ్డి కరకరలాడేది. అమ్మ వీధిలోని ఆడపిల్లలను పోగుచేసి బిందెలతో నిచ్చెన ఎక్కించి పోయించింది. కానీ ఎన్ని బిందెలు పోస్తాం? స్లాబు ఎండిన చెరువులా నెర్రెలు విచ్చింది.

ఒక ఆదివారం సుబేదారిలో మామ కట్టుకుంటున్న ఇంటికి వెళ్లాం. అప్పట్లో సిమెంటు దొరకడమే గగనం, పర్మిటు ఉంటే తప్ప బస్తా ముట్టుకోనిచ్చేవారు కాదు. మామ ఇంట్లో మాత్రం గదిగదికీ అద్దంలాంటి గచ్చు, ముందు మెట్లు, పెరట్లో తొట్టి. వంటింటి మూలన బడికి వచ్చిన బస్తాలే పేర్చి ఉన్నాయి. అత్త చాయ్ తెచ్చింది. అమ్మ ముట్టుకోలేదు. దారి పొడవునా నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

నేరుగా బడి దగ్గరికి పోయి వరండా స్తంభం ముందు నిలబడింది. పైకి నున్నగా ఉంది. నడుముకున్న తాళాల గుత్తి తీసి గీకింది. కోడిగుడ్డు పెంకులా పై పొర రాలింది. లోపల తేనెపట్టులా బొక్కలు, ఒకదాన్నొకటి అంటుకోని కంకర. ఆ బొక్కలు కనబడకుండా పైన సిమెంటు పాలు పూశారు. అమ్మ వేలు పెడితే కంకర రాళ్లు అరచేతిలోకి జారాయి.

ఆ రాళ్లు కొంగున కట్టుకుని ఓవర్సీరు దగ్గరికి పోతే, తాను చూశానని, అంతా బాగానే ఉందని అన్నాడు. ఆ రాళ్లే నాన్న ముందు పోస్తే, "నీ తమ్ముడే గదా, బజాట్ల పెట్టుకుంటవా?" అన్నాడు. చివరికి మామ ముందు పోసింది. మామకు కోపం కూడా రాలేదు. "సర్కారు పని అంతట గిట్లనే ఉంటది అక్కా. నువ్వు ఫికర్ చెయ్యకు. ప్లాస్టర్ జేసినంక ఏం కనవడది" అన్నాడు. ఆ ఆఖరి మాటకు అమ్మ ముఖంలో ఎరుపు పోయి తెల్లగా పాలిపోయింది. అంత కోపం ఆమెలో నేను అంతకు ముందు చూడలేదు.

సెంట్రింగు విప్పే రోజు వచ్చింది. స్లాబు కింద అడవిలా నిలబెట్టిన కర్రలు, వాటి మీద స్లాబును మోసే చెక్కలు. వీధి వాళ్లంతా చూడడానికి వచ్చారు. అమ్మ ఇంటి నుంచి చాప తెచ్చి ఆ కర్రల మధ్య పరిచింది. నన్ను పలకతో సహా కూర్చోబెట్టి పక్కన తనూ కూర్చుంది.

"ఏం జేస్తానవ్ అక్కా? పిల్లను లేపు" అన్నాడు మామ.

"బళ్లె కూసున్నది. నువ్వు కట్టిన బడి. కర్రలు తియ్యుమను."

"తీస్తానం. జర బయటికి రాండ్రి."

"రేపటి సంది రోజు గీడనే కూసుంటది గదా. ఇయ్యాల కూసుంటే ఏమైతది?"

మామ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అందరు చూస్తాండ్రు. ఇజ్జత్ తియ్యకు అక్కా."

"చూడనీ. మేస్త్రీ, కర్ర తియ్యి."

మేస్త్రీ సుత్తె పట్టుకుని ముందుకు వచ్చి, ఒక కర్ర మీద చెయ్యి వేసి మామ వైపు చూశాడు. నాకు అప్పటిదాకా భయం లేదు. మామ ముఖం చూశాక వేసింది. చెమట కణతల మీద నుంచి కారుతోంది. ఉన్నట్టుండి ఆయన తల వంచి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని స్లాబు కిందికి పరుగెత్తుకొచ్చాడు. నా రెక్క పట్టి గుంజాడు. కర్రకు రాసుకుని నా మోచేయి చీరుకుపోయింది. నన్ను ఎత్తుకుని, వచ్చినట్టే వంగి బయటికి ఉరికాడు.

అమ్మ చాప మీద నుంచి కదలలేదు. మెల్లగా అడిగింది.

"కర్రలు ఇంక ఊడనే లేదు తమ్మీ. గంత ఉరుకుడెందుకు?"

మామ నన్ను దించి ఇసుక కుప్ప మీద కూలబడ్డాడు. పిల్లల్ని పంపాల్సిన తల్లులంతా ఆ పరుగు కళ్లారా చూశారు. ఇక ఏ ఓవర్సీరు సంతకమూ వాళ్లను ఒప్పించలేకపోయింది. వాళ్లు ఆఫీసు ముందు బైఠాయించారు. పై అధికారి వచ్చి స్తంభాన్ని సుత్తెతో కొట్టించాడు. నాలుగు దెబ్బలకే అది రాలింది. స్లాబు దించేశారు. మామ తన ఖర్చుతో అంతా మళ్లీ కట్టాడు. ఈసారి మాలు కలిపినన్ని రోజులూ కొలత పెట్టె పక్కన ఎవరో ఒక తల్లి కాపలా కూర్చుంది. ఆ ఏడాది వానలన్నీ మేము మిరపకాయల ఘాటులోనే గడిపాం. అమ్మమ్మ మా అమ్మతో చాలా కాలం మాట్లాడలేదు, సొంత తమ్ముణ్ని నలుగురిలో తల దించుకునేలా చేసిందని. మామ మా గడప తొక్కడం మానేశాడు.

తరువాత చుట్టాలు ఈ ముచ్చట చెప్పుకునేటప్పుడు, మామకు నా మీద ఎంత పాణమో అనేవారు. తన పరువు పోతుందని తెలిసీ నా కోసం ఉరికొచ్చాడట. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. పెద్దదాన్నయ్యాక ఒకసారి అమ్మను అడిగాను, అంతమంది పిల్లలుండగా నన్నే ఎందుకు కూర్చోబెట్టావని. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"వేరేటోళ్ల పిల్లైతే వాడు రాకపోతుండె."

అమ్మకు తన తమ్ముడు అంత బాగా తెలుసు. ఆ స్లాబు నిలవదని మామకు ముందే తెలుసు. తెలిసీ ప్లాస్టర్ చేసి అప్పగించి ఉండేవాడు, కింద కూర్చునేది తన మేనకోడలు ఒక్కతే కాదని తెలిసీ. నన్ను ఎత్తుకుని ఉరికిన చేతుల్నే తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కన్నబిడ్డల కోసం, తోడబుట్టినవాళ్ల బిడ్డల కోసం ప్రాణమైనా ఇస్తామని ఎవరైనా చెబితే నాకు ముచ్చట వేయదు. ఆ బడిలో నా పక్కన కూర్చునే రిక్షా ఆయన బిడ్డ కళ్ల ముందుకు వస్తుంది. ఆమెకు గుత్తేదారు మేనమామ లేడు. ఆ కోపం నాలో చల్లారలేదు. చల్లారాలని నేను ఏ దేవుణ్నీ కోరుకోలేదు.