రేవులో కట్టేసి ఉన్న బోటును పిలిచిన మైకు

దెయ్యాలు లేవని నేను ఇప్పటికీ అంటాను. ముందు ఆ మాట చెప్పేసి మొదలుపెడతాను. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. క్లాసులో దెయ్యం వీడియోలు చూస్తున్న పిల్లల దగ్గర ఫోన్లు లాక్కున్న రోజులున్నాయి. మా అత్తగారు దిష్టి తీస్తానంటే నవ్వేదాన్ని. ఈ సంగతి రాయడం కూడా నాకు ఇష్టం లేదు. కానీ మా పుట్టింటి ఊళ్లో దీన్ని ఒక మహిమగా చెప్పుకుంటున్నారు. అది వింటుంటే నాకు ఒళ్లు మండుతోంది. జరిగింది జరిగినట్టు ఒక్కరైనా చెప్పాలి కదా అని రాస్తున్నాను.

మాది రేపల్లె నుంచి వెళ్తే నిజాంపట్నం దాటాక వచ్చే చిన్న పల్లె. పేరు రాయను. ఊరంతా చేపల వేట మీద బతికేవాళ్లే. నన్ను బాపట్లలో హాస్టల్లో పెట్టి చదివించారు కాబట్టి నేను ఉద్యోగంలో పడ్డాను. మా తమ్ముడు ఏడుకొండలుకి చదువు ఒంటబట్టలేదు. నాన్న పోయాక ఒక ఫైబర్ బోటు కొనుక్కుని దానికి ‘తిరుపతమ్మ’ అని పేరు రాయించుకున్నాడు. ఆ పేరు రాయించిన రోజున నాకు ఫోన్లో ఫొటో పంపించి, అక్షరాలు ఎలా ఉన్నాయని మూడుసార్లు అడిగాడు.

మా నాన్న తమ్ముడు పోలయ్య బాబాయ్ గురించి చెప్పాలి. ఒకసారి బోటు దించుతుంటే కాలు విరిగి, ఇక వేటకు పనికిరాకుండా పోయాడు. అప్పటినుంచి రామాలయం మైకు ఆయన చేతికి వచ్చింది. తుపాను హెచ్చరికలు మొదట్లో రేడియోలో, తర్వాత ఫోన్లలో వచ్చేవి. బాబాయ్ వాటిని మైకులో రెండుసార్లు చెప్పేవాడు. మొదట ఉన్నది ఉన్నట్టు: నైరుతి బంగాళాఖాతంలో వాయుగుండం, తీరం వెంబడి ఈదురుగాలులు, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. తర్వాత అదే సంగతి తన మాటల్లో, ఏ వేళకి గాలి ఎటు తిరుగుతుందో, ఎవరు ఎంత దూరం పోవచ్చో విడమరిచి చెప్పేవాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. గాలి రేగిన రోజున తిరిగి రాని బోట్లను పేరుపేరునా మైకులో పిలిచేవాడు. ఆఖరి బోటు తాడు గుంజకు కట్టేదాకా ఆపేవాడు కాదు. అన్నం కూడా గుడి అరుగు మీదికే తెచ్చిపెట్టేవాళ్లు. ఆ కేక సముద్రంలోకి వినపడదని ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది ఒడ్డున నిలబడిన ఆడవాళ్ల కోసం. బాబాయ్ పిలుస్తున్నంతసేపూ ఇంకా ఆశ ఉన్నట్టే లెక్క.

బాబాయ్ పోయిన వేసవిలో గుండెపోటుతో చనిపోయాడు. నేనూ వెళ్లాను, దహనం అయ్యేదాకా ఉన్నాను. అందులో సందేహం ఏమీ లేదు.

ఆ తర్వాత కార్తీకంలో నాగులచవితికి పుట్టింటికి వెళ్లాను. మైకు సెట్టు పాడై మూలన పడి ఉంది. నాకు మిషన్ల సంగతి తెలుసని తమ్ముడి నమ్మకం. మర్నాడు పొద్దున్నే నేనే గుడి గదిలోకి వెళ్లి వైర్లు విప్పాను. గుడి అరుగు పక్కన స్తంభం మీది మైకు హారన్‌కు వెళ్లే వైరు కొసలు రెండూ విడిగా గోడకు వేలాడేశాను. సెట్టును పాత దుప్పట్లో చుట్టి, గదికి తాళం వేసి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని రేపల్లె తీసుకెళ్లాను. అక్కడ రిపేరు షాపులో ఇచ్చి, కూరగాయలు కొనుక్కుని బస్సులో తిరిగొచ్చాను. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ సెట్టు ఊళ్లో లేదని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

ఆరోజు పోటు మధ్యాహ్నం దాటాక వచ్చింది. నీళ్లు పెరిగితేగానీ మా కాలవలోంచి బోట్లు సముద్రంలోకి దాటవు. అందుకని భోజనాలయ్యాక రేవులో అందరూ బయల్దేరుతున్నారు. ఎండ కాస్తోంది. ఫోన్లలో ఏ హెచ్చరికా లేదు. తమ్ముడు బోటు ఇంకా గుంజకు కట్టేసే ఉంది. వాడు దాని మీద నిలబడి వల సర్దుకుంటున్నాడు. నేను ఒడ్డున నిలబడి, వాడికి టిఫిన్ డబ్బా అందిస్తున్నాను.

అప్పుడు గుడి దగ్గరి హారన్ గరగరమంది. తర్వాత బాబాయ్ దగ్గు వినిపించింది. మైకు ముందు కూర్చోగానే ఆయన దగ్గే దగ్గు.

వాయుగుండం గురించి చెప్పాడు. ఈదురుగాలులు, అల్లకల్లోలం, వేటకు వెళ్లరాదు, అన్నీ వరసగా చదివాడు. తర్వాత తన మాటల్లోకి వచ్చాడు. “పొద్దున నెమ్మదిగానే ఉంటదిరా. దాన్ని చూసి మోసపోమాకండి. భోజనాల యేళకి ఈశాన్యం గాలి పడుద్ది. ఈలోపే వచ్చేయండి.” ఆ తర్వాత పిలవడం మొదలుపెట్టాడు. ఒక్క పేరే పిలిచాడు.

“తిరుపతమ్మ బోటూ… ఏడుకొండలూ… అందరూ వచ్చేశార్రా. నువ్వేంట్రా ఇంకా రాలేదు? వచ్చేయ్ నాన్నా.”

మళ్లీ మళ్లీ అదే. రేవులో ఉన్నవాళ్లందరూ విన్నారు. తమ్ముడి చేతిలోంచి వల జారిపోయింది. ముందు తేరుకుని గుడికి పరుగెత్తింది నేనే. ఎవరో ఆకతాయి పని అనుకున్నాను. గది తలుపుకు నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే వైరు కొసలు నేను వేలాడేసినట్టే గోడకు వేలాడుతున్నాయి. లోపల ఏ మిషనూ లేదు. పైన హారన్లో బాబాయ్ ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. నేను ఆ కొసల్ని చూస్తూ ఉండగానే గొంతు ఆగిపోయింది.

షాపుకు ఫోన్ చేశాను. “ఇంకా విప్పలేదు మేడమ్, బల్ల మీదే ఉంది,” అన్నాడు.

తమ్ముడు ఊరుకోలేదు. కాలవ వెంట పరుగెత్తి, అప్పటికే కదిలిన బోట్లను చేతులూపి ఆపించాడు. బాబాయ్ ఎప్పుడూ ఊరికే చెప్పడని బతిమాలాడు. ఊరంతా ఆరోజు ఆగిపోయింది.

ఏమీ కాలేదు. ఆ రాత్రీ, ఆ మర్నాడూ సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. పక్క ఊరివాళ్లు వెళ్లి బోట్లు నిండా రొయ్యలు తెచ్చుకున్నారు. అంతటితో మావాళ్ల భయం కోపంగా మారింది. ఆ కోపానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. బోట్లు ఆపింది ఏడుకొండలు కదా.

పైగా ఆ పిలుపులో నవ్వడానికి చాలా దొరికింది. మధ్యాహ్నం దాటాక పొద్దున సంగతి చెప్పడమేంటి? గుంజకు కట్టేసిన బోటును ఇంకా రాలేదని పిలవడమేంటి? వాడు వీధిలో నడుస్తుంటే, “ఒడ్డుకొచ్చావంట్రా ఏడుకొండలూ? మీ బాబాయికి కబురు చెప్పండ్రా,” అనేవాళ్లు. వాడి బోటులో తోడుగా వెళ్లే ఇద్దరు కుర్రాళ్లయితే ఇంకా ఘనులు. బయట అందరితో కలిసి నవ్వేవాళ్లు, వేటకు పిలిస్తే మాత్రం ఒంట్లో బాగాలేదనేవాళ్లు. చనిపోయినవాడు పేరు పెట్టి పిలిచిన బోటు ఎక్కడానికి భయం.

నేను తెనాలి వచ్చేశాను. వచ్చేటప్పుడు రేపల్లెలో ఆగి, బాగుచేసిన సెట్టును నాతో వచ్చిన తమ్ముడి చేతికి అప్పగించి రైలెక్కాను.

వారం తిరిగింది. ఈసారి హెచ్చరిక నిజంగా వచ్చింది. వాయుగుండం, ఈదురుగాలులు, వేటకు వెళ్లరాదు. నా ఫోన్లోనూ చూశాను. మా ఊళ్లో సచివాలయంలో పనిచేసే అమ్మాయి అదే మైకులో చదివి వినిపించిందట. తెల్లారేసరికి గాలి లేదు, అల లేదు. మైకు మాట విని ఒకసారి నష్టపోయింది చాలని కొందరు బోట్లు దించారు.

తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. వెళ్లొద్దని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. “అందరూ ఎళ్తన్నారక్కా. ఇయ్యాల కూడా నేనే ఆగితే ఇంక ఈ ఊళ్లో నన్ను బతకనిస్తారా? ఒక్క వలేసి వచ్చేత్తా.”

“పొద్దున నెమ్మదిగానే ఉంటుందని బాబాయ్ చెప్పాడు కదరా,” అన్నాను. లెక్కల టీచర్ని, నా నోటితో నేనే అన్నాను.

“ఆ పేరు నా దగ్గర ఎత్తమాకక్కా,” అని ఫోన్ పెట్టేశాడు. తోడు ఎవరూ రాకపోతే ఒక్కడే వెళ్లాడు.

భోజనాల వేళకు ఈశాన్యం గాలి పడింది. వెళ్లిన బోట్లన్నీ ఎలాగోలా కాలవలోకి వచ్చి పడ్డాయి. తిరుపతమ్మ ఒక్కటి రాలేదు.

కబురు తెలిసి నేను రేపల్లె రైలెక్కి, అక్కడినుంచి వానలో ఆటో మాట్లాడుకుని వెళ్లేసరికి చీకటి పడబోతోంది. తమ్ముడి భార్య దుర్గ రేవులో లేదు, ఇంట్లో లేదు. హారన్ స్తంభం కింద గుడి అరుగు మీద తడిసి కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు.

“మామయ్య పిలుత్తాడొదినా,” అంది. “ఆరోజు పిలిచాడుగా. బోటు ఒడ్డుకి చేరేదాకా ఆయన ఆపడుగా. పిలుత్తాడు, చూడు.”

వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. దెయ్యాలు లేవన్న నేను ఆ పూట నమ్మాను. పూర్తిగా నమ్మాను. గుడి గదిలో సెట్టు ఉంది, వైర్లు బిగించి ఉన్నాయి, కరెంటు కూడా ఇంకా పోలేదు. తలెత్తి ఆ హారన్ వంక చూస్తూ, పిలువు బాబాయ్, ఒక్కసారి పిలువు అని లోపల్లోపల మొత్తుకున్నాను. వాన చుక్కలు దాని మీద పడుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తెల్లారేదాకా అలాగే కూర్చున్నాం.

కొన్నాళ్లకు బాపట్ల వైపు ఒడ్డుకు ఒక డీజిల్ డబ్బా, బోటు పేరు ఉన్న ఫైబర్ ముక్క కొట్టుకొచ్చాయి. మనిషి దొరకలేదు. కాగితాల్లో మా తమ్ముడు ఇప్పటికీ గల్లంతే.

ఇప్పుడు ఊళ్లో కథ మారిపోయింది. పోలయ్య ముందే చెప్పాడని, ఏడుకొండలే వినలేదని అంటున్నారు. నవ్వినవాళ్లే ఇప్పుడు చేతులు జోడిస్తున్నారు. ఆ హారన్ స్తంభానికి పసుపు రాసి, శుక్రవారం శుక్రవారం దండ వేస్తున్నారు. మొన్న ఎవరో వచ్చి వీడియో కూడా తీసుకెళ్లారట. బాబాయ్ ఊరిని కాస్తున్నాడట. ఎవరిని కాశాడని నేను అడిగితే, బాధలో ఉంది పాపం అని నా వంక జాలిగా చూస్తారు.

ఆరోజు వినిపించింది ఏమిటో నేను చెప్పలేను. వైర్లు విప్పింది నేనే, తాళం వేసింది నేనే, గొంతు గుర్తుపట్టింది కూడా నేనే. ఎటునుంచి చూసినా ఈ లెక్క నాకు తేలడం లేదు. ఎవరైనా వివరం చెప్తే వింటాను.

కానీ నన్ను తినేస్తున్నది అది కాదు. మా తమ్ముడు నా కళ్ల ముందు, ఎండలో, కట్టేసిన బోటు మీద నిలబడి ఉంటే బాబాయ్ ఊరంతా అదిరేలా పిలిచాడు. వాడు నిజంగా రాని రోజున ఎందుకు పిలవలేదు? దుర్గ ఇప్పటికీ గాలి రేగితే వెళ్లి ఆ అరుగు మీద కూర్చుంటుంది. నేను ఊళ్లో ఉంటే నేనూ వెళ్తాను. ఇద్దరం ఆ హారన్ వంకే చూస్తూ ఉంటాం.