దొర ఫట్‌ఫటి చప్పుడు

దేవరకొండ ఆవలి ఊళ్లలో రఘుపతి దొర ఫట్‌ఫటి, అదే మోటారుసైకిలు, చప్పుడు ఎరగని పసిపిల్ల కూడా లేదు. గుట్ట దిగుడులో ఇంజను బందు చేసి జారుకుంటూ వచ్చినా సరే, దాని రేకులన్నీ గడగడలాడి దొర వస్తున్నాడని ముందే చెప్పేసేవి. ఆ చప్పుడు వినే గుట్ట కింది గూడెంలో దొరలకు ఎదురు తిరిగిన సంఘం మనుషులు అన్నం ముందు నుంచి లేచి పొదల్లో పడి బతికిపోయేవారు. వాళ్లలో ఇస్రాయేలు అల్లుడు పెద్దులు ఒకడు.

రజాకార్లు ఊళ్లు తగలబెడుతున్న ఆ ఎండాకాలంలో దొర ఇస్రాయేలును తన కోటలాంటి గడీకి ఈడ్పించాడు. ఇస్రాయేలు తోలు పనివాడు. గడీకి మోటబొక్కెనలు, చెప్పులు ఊరికే కుట్టిపెట్టడం తాతల నాటి నుంచి ఆ ఇంటి వెట్టి. ఇప్పుడీ ఇనుప బండి కూడా అతని నెత్తినే పడింది.

"నేను రాంగనే సంగపోల్లకు ఇనవడుతాందంట్రా. దీని లొల్లి బందు గావాలె," అన్నాడు దొర. "లేకుంటె నీ తోలు దీసి దీనికి కుడ్త."

దొర బండిని నిలబెట్టి ఇంజను నడుపుతుంటే ఇస్రాయేలు ఒక్కో రేకునూ అరచేత్తో అదిమి చూశాడు. చెయ్యి పెట్టగానే చప్పుడు ఆగితే రోగం అక్కడే. చక్రం మీది రేకు బోల్టు కింద తోలు బిళ్ల, పనిముట్ల డబ్బాకు తోలు పట్టీ, గొలుసు మీది రేకుకు మరొకటి. చప్పుడు తగ్గినకొద్దీ అతని చేతులు నెమ్మదించాయి. బిడ్డ ఇంటికి చేరే హెచ్చరికను తన చేతులతో తనే నొక్కేస్తున్నాడు మరి. అందుకే సీటు కింది రేకును తెలిసే వదిలేశాడు.

దొరవి పాము చెవులు. కొరడా కర్రతో మూతి మీద కొడితే రెండు పళ్లు నేల మీద పడ్డాయి. కింద పడ్డ మనిషిని బూటుకాలితో డొక్కలో తన్నాడు. ఇస్రాయేలు నెత్తురు ఉమ్మి, ఆ రేకు కింద కూడా తోలు పెట్టాడు.

"నడిస్తెనే దెలుస్తది. ఎన్క కూసో," అన్నాడు దొర తుపాకీ భుజానికి తగిలించుకుంటూ. "చప్పుడైతె గక్కడ్నే కాలుస్త."

గడీ అరుగు తొక్కనివ్వని మనిషిని దొర తన వెనకే కూర్చోబెట్టుకున్నాడు! ఎంత అవసరమొచ్చిందో పాపం. ఇస్రాయేలు దొర ఒంటికి తగలకుండా వెనక కమ్మీ పట్టుకుని ముడుచుకున్నాడు.

గుట్ట మీద ఇంజను ఆగింది. బండి దిగుడులోకి జారింది. కిక్కురుమనలేదు. పాడు చేతులు, ఎంత బాగా పనిచేశాయో! కింద గుడిసె ముందు బిడ్డ జంగమ్మ మొగుడికి జొన్న గటక పెడుతోంది. ఆమె తలెత్తలేదు. పెద్దులూ ఎత్తలేదు. దొర ఒంటిచేత్తో బండిని పట్టుకుని భుజం మీది తుపాకీ దించి పెద్దులుకు గురిపెట్టాడు.

ఇస్రాయేలు నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు. మళ్లీ తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇక కుడికాలును తిరుగుతున్న చక్రం పుల్లల్లోకి తోసేశాడు.

ఎముక ఫటేలున విరిగింది. బండి పల్టీ కొట్టి ఇద్దర్నీ రాళ్ల మీద విసిరేసింది. దొర తుపాకీ కోసం పాకాడు. అప్పటికే పెద్దులు వడిసెల అందుకున్నాడు. మొదటి రాయి దొర కణతకు తగిలింది, లేవబోతే రెండోది దవడ పగలగొట్టింది. తరువాత ఆడవాళ్లు రోకళ్లతో వచ్చారు. వాళ్లలో ఒకామె మొగుణ్ణి దొర చింతచెట్టుకు కట్టించి చంపించాడు. ఆమె చాలాసేపు ఆగలేదు. చూడదగ్గ పని కాదు. కానీ ఆ దొర మీద జాలి పడమంటే మాత్రం ఈ కథ చెప్పేవాడి వల్ల కాదు.

గడీ మనుషులు పగబట్టి వచ్చి గూడేన్ని బూడిద చేశారు. అప్పటికే జనం ఇస్రాయేలును మోసుకుని గుట్టలెక్కారు. పోలీసు చర్య జరిగి వాళ్లు కిందికి దిగేసరికి అతని కాలు వంకరగా అతికింది. బతికినన్నాళ్లూ కర్ర పట్టుకుని కుంటుతూనే తిరిగాడు.

ఒకనాడు జంగమ్మ ఆ కాలికి నూనె రాస్తూ ఏడ్చింది. "కాలెందుకు బెట్టినవ్ బాపూ? ఒక్క కేకేస్తే ఇనేటోల్లం గదా."

"ఏద్దామనే నోరు దెర్సిన బిడ్డా," అన్నాడు ఇస్రాయేలు. "గాని పుట్టినకాడికెల్లి దొర ముంగట గొంతు లేపినోన్ని గాదు. ఎట్ల లేపాల్నో తెల్వలే."