తాలింపు లేని పప్పు

మా నాన్న తిరువూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి వంటలు చేసేవాడు. తను తాలింపు పెడితే పెనుగొలను దాకా వాసన కొడుతుందని తనే చెప్పుకునేవాడు. తిన్న నోళ్ళు ఎలా కాదంటాయి!

డెబ్భైల్లో మా హైస్కూల్లో కంటి శిబిరం పెట్టారు. డాక్టరుది ఒక దేశం, నర్సమ్మది ఇంకో దేశం, మందులూ కళ్ళద్దాలూ మూడో దేశం నుంచి వచ్చాయి. పప్పన్నం మాత్రం మా ఊరిది. ఆ వంట పని నాన్న అడిగి మరీ తీసుకున్నాడు. ఆపరేషన్ చేయించుకునేవాళ్ళలో మా అమ్మ ఉంది మరి. ఆవిడకి ఒక కన్ను అప్పటికే నాటువైద్యుడి పసరుకి పోయింది. ఉన్న ఒక్క కంట్లో శుక్లం. అదీ పోతే ఇక చీకటే.

ఆపరేషన్ అయ్యాక అందరినీ తరగతి గదిలో వరసగా పడుకోబెట్టి, తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టారు. తల కదపకూడదు, దగ్గకూడదు, తుమ్మకూడదు. కుట్లు తెగితే కన్ను దక్కదన్నారు. మా అమ్మ అంతసేపు నోరు మూసుకుని ఉండగా చూడటం నాకదే మొదలు.

మర్నాడు గది వెనక పందిట్లో నాన్న అలవాటు కొద్దీ పెద్ద మూకుట్లో నూనె కాచి, గుప్పెళ్ళతో ఎండుమిరపకాయలు వేశాడు. ఆ ఘాటు కిటికీల్లోంచి నేరుగా మా మీదికొచ్చింది. నర్సమ్మ పరుగున వచ్చి, తన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా, తుమ్ము రాకుండా అమ్మ ముక్కు కింద వేలితో గట్టిగా నొక్కి పట్టింది. మమ్మల్నీ అలాగే చెయ్యమని సైగ చేసింది. తోడున్నవాళ్ళమంతా మావాళ్ళ ముక్కుల కింద వేళ్ళు పెట్టి, మేము మాత్రం తెగ తుమ్ముతూ కూర్చున్నాం. ఎంత పట్టినా అమ్మకి దగ్గొచ్చింది. కట్టు విప్పేదాకా ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు.

నాన్న ఆ తర్వాత మిరపకాయ ముట్టలేదు.

"పెళ్ళి వంటలు చేసిన చెయ్యేనా ఇది?" అని రోగులు సణిగారు. ఉప్పు తక్కువైందంటేనే గొడవకి దిగే మనిషి, తలొంచుకుని వడ్డించాడు. నర్సమ్మ పందిట్లోకి తొంగిచూస్తే చాలు, మూత తీసి చూపించేవాడు. ఆ చప్పిడి పప్పు ఇష్టంగా తిన్నది శిబిరం మొత్తానికి ఆవిడొక్కతే. ఆవిడంటే నాకిప్పటికీ ప్రేమే.

కట్టు విప్పేరోజు నాన్న గుమ్మం దాటి లోపలికి రాలేదు. నర్సమ్మే చెయ్యి పట్టి లాక్కొచ్చి అమ్మ ఎదురుగా నిలబెట్టింది. అమ్మ సోడాబుడ్డి కళ్ళద్దాల్లోంచి చాలాసేపు చూసింది.

"ఏమయ్యా, ఇంత ముసలాడివైపోయావేంటి?"

నాన్న బావురుమన్నాడు. నేనూ ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక కూడా నాన్న చప్పిడి పప్పే వండాడు. అమ్మ కంచం పక్కకి తోసింది.

"తాలింపు పెట్టవయ్యా. ఇన్నాళ్ళూ చప్పుడు వినడమేగానీ, ఆవాలు ఎగరడం చూసి ఎన్నేళ్ళయిందో."

నాన్న కాసేపు గొణిగి, పొయ్యిని దొడ్లో ఆ చివరికి మార్చాడు. అమ్మ వెనక గుమ్మంలో నిలబడి, ముక్కు కింద తన వేలు తనే గట్టిగా నొక్కి పట్టుకుని, ఆవాలు ఎగరడం చూసింది.