బోణీ అయ్యేదాకా

మా మావయ్యగారు పోయారని మా ఆయన ఫోనులో చెప్పినప్పుడు నేను షాపులో ఒక పెద్దావిడకి ఇస్త్రీపెట్టె చూపిస్తున్నాను. రాజమండ్రి ఆసుపత్రిలో ఇవాళో రేపో పంపించేస్తామన్నారు, ఇంట్లో ఆయన మంచం మీద దుప్పటి కూడా మార్చి ఉంచాను. ఫోను పెట్టేసి, షాపు కట్టేస్తున్నామండీ అని ఆవిడకి సంగతి చెప్పాను. ఆవిడ పెట్టె కౌంటరు మీద పెట్టి, "ఆయనే ఉంటారనుకుని వచ్చానమ్మా" అంది. తాళం వేసి ఆసుపత్రికి బయల్దేరాను.

తణుకులో మాది ఎలక్ట్రానిక్స్ షాపు. మావయ్యగారి గురించి ఊళ్లో ఎవరిని అడిగినా మంచాయన అంటారు. నేనూ అంటాను. కానీ కోడల్ని, ఆయన పక్కన కౌంటర్లో కూర్చున్నదాన్ని, కాబట్టి కాస్త కోపంతో కూడా రాస్తాను. ఆ కోపం ఆయన ఉండగా తీరలేదు.

నేను కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకరోజు కాఫీ ఇస్తుంటే, "చదువుకున్నదంతా వంటింట్లో పెట్టుకుని ఏం చేస్తావమ్మా, షాపుకి రా" అన్నారు. అప్పటి నుంచీ ఆయన పక్క కుర్చీ నాదే. సాల్డరింగ్ నాకు వచ్చు. బేరం ఆయన నేర్పారు. కొననివాడి మీద విసుక్కోకుండా ఉండడం కూడా నేర్పాలని చూశారు గానీ అది నాకు అబ్బలేదు.

బోణీ పట్టింపు లేని వ్యాపారి మా వైపు ఉండడు. కానీ అందరూ తమ బోణీ గురించి చూసుకుంటారు, ఈయన ఎదుటివాడి బోణీ గురించి చూసేవారు. పొద్దున్నే ఏ షాపుకి వెళ్లినా గుమ్మంలోనే నిలబడి "బోణీ అయిందా అండి?" అని అడిగేవారు. కాలేదంటే ఏదో ఒకటి కొనాలి, లేదా ఇంకొకరు కొనేదాకా బయటే ఉండాలి. రాజమండ్రిలో హోల్‌సేలు సరుకుకి వెళ్లిన ప్రతిసారీ ఇలా ఒక కరెంటు టెస్టరు కొనుక్కొచ్చేవారు. మా సొరుగు నిండా టెస్టర్లే.

"మావయ్యగారూ, వీటితో ఒక మ్యూజియం పెట్టుకోవచ్చండి" అనేదాన్ని.

"నవ్వమ్మా, నవ్వు. పొద్దున్నే వచ్చినవాడు ఉత్త చేతులతో వెళ్లిపోతే ఎలా ఉంటుందో ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది" అనేవారు.

అది ఎలా ఉంటుందో తర్వాత తర్వాత నాకూ బాగా తెలిసింది. జనం వచ్చి మిక్సీ పట్టుకుని చూసి, ఫోటో తీసుకుని, ఇంటికి వెళ్లి ఫోనులో తెప్పించుకోవడం మొదలుపెట్టారు. షాపు నిలబడాలంటే ఇంకెక్కడా దొరకని సరుకు ఒక్కటైనా మన దగ్గర ఉండాలి, తయారుచేసేవాళ్ల దగ్గరికే వెళ్లి ఏజెన్సీ తెచ్చుకోవాలి అన్నారాయన. అలా ఢిల్లీలో పెద్ద ఎలక్ట్రానిక్స్ ఎగ్జిబిషనుకి బయల్దేరాం. మా ఆయనకి ఉద్యోగంలో సెలవు దొరకలేదు, నాకు అంతో ఇంతో హిందీ వచ్చు.

ఒక్కో హాలూ మా ఊరి మార్కెట్ యార్డు కంటే పెద్దది. మావయ్యగారికి పంచె, స్వెట్టరు, చేతిసంచీలో ఆత్రేయపురం పూతరేకులు. ప్రతి స్టాల్లోనూ ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "ఇది మీరు చేసిందేనా అండి, ఎక్కడినుంచో తెచ్చి అమ్ముతున్నారా?" మేమే చేశామంటే మూత తీసి చూపించమనేవారు. చాలామంది తీయలేదు.

సాయంత్రం హాలు కట్టేసే ముందు ఒకాయన తీశాడు. చిన్న ఫ్యాక్టరీ, తనే యజమాని. చేసింది అరచేతిలో పట్టే డబ్బా. చెరువు దగ్గర కరెంటు పోతే రైతు ఇంట్లో ఫోను మోగుతుంది. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలతాయని మా వైపువాళ్లకి చెప్పక్కర్లేదు. మావయ్యగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "మన చెరువులకి ఇదే కావాలమ్మా" అన్నారు. కోస్తా జిల్లాలన్నిటికీ ఒక్కరికే ఏజెన్సీ ఇస్తాననీ, ఇంకా ఎవరికీ ఇవ్వలేదనీ, పొద్దున్నే వస్తే రేటు మాట్లాడుకుని సంతకాలు చేసుకుందామనీ అన్నాడాయన. మావయ్యగారు పూతరేకుల పొట్లం ఆయన చేతిలో పెట్టారు.

మర్నాడు గేటు తీసేసరికి అక్కడున్నాం. స్టాలాయన లైట్లు వేసి, మా వైపు వీపు పెట్టి, చిన్న వినాయకుడి బొమ్మ ముందు అగరొత్తి వెలిగిస్తున్నాడు. నేను లోపలికి అడుగు వెయ్యబోతే మావయ్యగారు నా బ్యాగు పట్టుకుని ఆపారు.

"ఆగమ్మా. ఇంకా బోణీ అవలేదు."

"మనమే బోణీ అండి. సంతకం పెడితే అయిపోయినట్టే కదా."

"రేటు కుదరాలిగా. కుదరక లేచి వచ్చేస్తే, అగరొత్తి ఆరకుండానే ఆయన మొదటి బేరం పోగొట్టినవాళ్లం అవుతాం."

"పోనీ ఒక శాంపిలు కొనండి."

స్టాలు మీది బోర్డు చూపించారు. శాంపిళ్లు ఆఖరి రోజునే అమ్ముతారట.

"ఎవరో ఒకరు చిన్న ఆర్డరు ఇవ్వనీ. తర్వాత మనం తాపీగా కూర్చుని మాట్లాడుకుందాం" అని ఎదురుగా ఉన్న టీ కౌంటరు దగ్గరికి నడిచారు.

టీ తాగుతుండగా ఒకాయన స్టాల్లోకి వెళ్లాడు. "అదిగో, వచ్చారు" అని మావయ్యగారు నిజంగా సంతోషించారు. టీ అయిపోయింది. ఆ వెళ్లినాయన బయటికి రాలేదు. కుర్చీలు వేశారు. కాగితాలు తీశారు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

మేం లోపలికి వెళ్లేసరికి స్టాలాయన ముఖం చిన్నబోయింది. తెరవగానే మా కోసమే చూశాడట, జనంలో మేం కనిపించక ఇక రామనుకున్నాడట. ఏజెన్సీ ఆ వచ్చినాయనకి ఇచ్చేశాడు. మావయ్యగారు "బోణీ బాగా అయిందా అండి?" అని అడిగారు. హిందీలోనూ ఇంచుమించు అదే మాట, బోహ్నీ అంటారు, నేను చెప్పకుండానే స్టాలాయనకి అర్థమైంది. తల ఊపాడు.

రైల్లో విజయవాడ దాటాక మావయ్యగారు అడిగారు.

"కోపమొచ్చిందా అమ్మా?"

"వచ్చిందండి."

"రానీ. నాకూ వచ్చింది. ఎవరి మీదో తెలియట్లేదు" అన్నారు.

ఇప్పుడు చెరువుగట్ల మీద ఎక్కడ చూసినా ఆ డబ్బాలే. ఆ ఏజెన్సీ ఆయన దగ్గరే అందరిలాగే మేమూ తెచ్చుకుని అమ్ముతున్నాం. రైతులకి దాన్ని ఎలా బిగించుకోవాలో మావయ్యగారు కూర్చోబెట్టి చెప్పేవారు, తన సరుకే అన్నట్టు. ఎగ్జిబిషనుకి మాత్రం మళ్లీ వెళ్లలేదు. నేను పేపర్లో ప్రకటన చూపిస్తే కళ్లజోడు తుడుచుకుంటూ ఇంకేదో మాట ఎత్తేవారు. ఆ పొద్దున్న గుమ్మం దాటి ఉంటే ఈ షాపు కథ వేరుగా ఉండేది. అంత మంచితనం ఆ ఒక్క పూటా పక్కన పెట్టలేకపోయారే అని ఇప్పటికీ మనసు పీకుతుంది. ఆయన లేరన్న దుఃఖం, ఈ ఉక్రోషం కలిసే వస్తాయి నాకు. షాపు అద్దెకిచ్చేద్దామని మా ఆయన రెండుసార్లు అన్నారు. ఆలోచిద్దాం లెండి అని ఊరుకున్నాను.

పెద్దకర్మ అయ్యాక షాపు తెరిచాను. ఆయన కుర్చీ తుడిచి, అందులోనే కూర్చున్నాను. ఎదురుగా టీ కొట్టు దగ్గర, ఆ ఏజెన్సీ తరఫున ఆర్డర్లకి వచ్చే సేల్స్‌మాన్ సంచీతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ వచ్చే మనిషే, నడివయసువాడు, పెద్దకర్మకీ వచ్చి వెళ్లాడు. లోపలికి రాడేంటా అని మెట్ల మీదికి వచ్చి పిలిచాను.

"బోణీ అయిందా అండి?" అన్నాడు రోడ్డు అవతల్నుంచే.

"ఇంకా లేదండి. ఫరవాలేదు, రండి."

"కానివ్వండమ్మా. నేను కొనేవాణ్ణి కాదు కదండి, ఆర్డరు అడగడానికి వచ్చినవాణ్ణి. పెద్దాయనకి తెలిస్తే ఊరుకోరు" అన్నాడు.

నేను వచ్చి కుర్చీలో కూర్చున్నాను. అవతల అతను, ఇవతల నేను, ఇద్దరం రోడ్డు వంకే చూస్తున్నాం. బళ్లు వెళ్తున్నాయి, ఏదీ ఆగడం లేదు. ఎండ మెట్లెక్కి గుమ్మం దాకా వచ్చింది. అతను రెండో టీ చెప్పాడు.